ఎలుగుబండ సీసపెంకులు

గూడూరు దాటి పొలాలు ఆగిపోయి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరుంది. ముత్తమ్మ ఆ ఊరి కోడలు. వయసు యాభై ఐదు దాటి ఉంటుంది. మనిషి సన్నగా, ఎండిన కట్టెలా ఉంటుంది. మాట తక్కువ. కానీ ఎవరైనా ఆమెను ఒక మాట అంటే ఆ మాటను ఆమె మరిచిపోదని ఊరందరికీ తెలుసు.

పెళ్లైన కొత్తలో ఆమె ఆడబిడ్డ ఇంటికి చుట్టపుచూపుగా పోయి కూర వండింది. ఆడబిడ్డ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మిగిలిందంతా తీసుకెళ్లి వాకిట్లో కుక్కకు పోసింది. ఆ తర్వాత ముత్తమ్మ ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. కొన్నేళ్లకు ఆడబిడ్డ కూతురి పెళ్లికి పోయింది. పొద్దున్నుంచి కూరగాయలు తరిగింది, బోళ్లు తోమింది, పెళ్లిపిల్లకు జడ వేసింది. అందరూ బంతి కూర్చునే వేళకు చీర కొంగు దులుపుకుని, పస్తుతో ఊరి దాకా నడిచొచ్చింది. ఆడబిడ్డ పోయినప్పుడు కూడా పాడె దాకా పోయి, అక్కడ పచ్చి మంచినీళ్లైనా తాగకుండా తిరిగొచ్చింది.

భర్త సదానందం దీనికి పూర్తిగా వేరు. నవ్వుమొహం. ఊళ్లో వాళ్ల బర్రెలను తన బర్రెలతో కలిపి అడవికి తోలుకుపోయి మేపుకొచ్చేవాడు. ఎవరు తిట్టినా సాయంత్రానికి వాళ్ల అరుగు మీదే కూర్చుని చుట్ట కాల్చేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన మరిచిపోయినవన్నీ ఆమె గుర్తుంచుకునేది. అట్లా ఆ సంసారం సాగింది.

ఊరి వెనక గుట్టల్లో ఎలుగుబండ ఉంది. నల్లటి రాతి చరియ. వానలు గట్టిగా కొట్టిన ఏడు దాని పైనుంచి ఒక నీటిపాయ తాటిచెట్టంత ఎత్తు నుంచి కింది మడుగులోకి దూకుతుంది. ఊళ్లో దాన్ని జలపాతం అనేవాళ్లు కాదు. "బండ పారుతున్నది" అనేవాళ్లు. కార్తీకం దాటితే పాయ సన్నబడి ఆగిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ అడవిని చూసినవాళ్లు అక్కడ ఎప్పుడైనా నీళ్లు పడ్డాయంటే నమ్మరు. ఆకంతా రాలి చెట్లు పుల్లల్లా నిలబడతాయి, నేల నెర్రెలిచ్చి ఎడారిలా దుమ్ము లేస్తుంది. మడుగు ఒక్కటే ఉగాది దాకా తడిగా ఉండేది. సదానందం బర్రెలు రోజూ అక్కడే నీళ్లు తాగేవి.

రెండేళ్ల కింద వానాకాలంలో ఎవరో వచ్చి బండను ఫోన్లో వీడియో తీసుకుని పోయారు. 'ఎవరికీ తెలియని జలపాతం' అని నెట్‌లో పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి కార్లు రావడం మొదలైంది. హన్మకొండ నుంచి, జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి. మొదట్లో ఊరివాళ్లు సంబరపడ్డారు. కొందరు రోడ్డు మీద మక్కకంకులు కాల్చి అమ్ముకున్నారు. వచ్చినవాళ్లు బండ కింద పొయ్యి పెట్టి కోడిని వండుకునేవాళ్లు, తాగేవాళ్లు, తాగిన సీసాలను రాతికేసి కొట్టి ఆ చప్పుడుకు నవ్వుకునేవాళ్లు.

ఆ ఏడు దసరా ముందు ఒక బర్రెపెయ్య మడుగులో బురదలోకి దిగి ఇరుక్కుంది. సదానందం చెప్పులు గట్టున విడిచి నీళ్లలోకి దిగాడు. పెయ్యను బయటికి నెట్టాడు. పాదంలో ఏదో దిగిందని అప్పుడే తెలిసింది. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. ఇంటికొచ్చి పసుపు అద్దుకుని గుడ్డ కట్టుకున్నాడు. "ముల్లు గుచ్చుకున్నట్టున్నది" అన్నాడు. వారం తిరిగేసరికి వేలు నల్లబడింది. నర్సంపేట తీసుకుపోతే వరంగల్ దవాఖానకు పొమ్మన్నారు. అక్కడ ముందు వేళ్లు తీశారు. తర్వాత పాదం తీశారు. చివరికి మోకాలి కింద నుంచి కాలు తీశారు. పాదంలో లోపల దొరికింది ఆకుపచ్చ సీసా ముక్క అని డాక్టర్ చెప్పాడు.

సదానందం ఇంటికొచ్చాక మంచం వాకిట్లో వేయించుకున్నాడు. బర్రెలను ఒకటొకటిగా అమ్మేశారు. ముత్తమ్మ కూలికి పోయేది. సాయంత్రం వచ్చేసరికి ఆయన అడవివైపు తిరిగి కూర్చుని ఉండేవాడు. ఆమె రాగానే ఇటు తిరిగి నవ్వేవాడు. ఆ నవ్వును చూసినప్పుడల్లా ముత్తమ్మకు కడుపులో నిప్పు రగిలేది.

పక్కింటి పిల్ల దీక్షిత మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. సెలవుకు వచ్చి ఒకనాడు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, గిది మన ఎలుగుబండనే కదా? చూడు జర."

ముత్తమ్మ చూసింది. దసరాకు ముందటిది, బండ పారుతోంది. మడుగు గట్టున నలుగురైదుగురు పోరగాళ్లు. అందులో ఒకడు, పసుపుపచ్చ అంగీ వేసుకున్నవాడు, బండరాయి మీద నిలబడి ఒక్కో ఆకుపచ్చ సీసా ఎత్తి రాతికేసి కొడుతున్నాడు. పెంకులు మడుగులో పడుతున్నాయి. తక్కినవాళ్లు ఈలలు వేస్తున్నారు. వాళ్ల మొహాలు పక్కకు తిరిగి ఉన్నాయి. వాడొక్కడే ఫోన్ వైపు చూసి పళ్లన్నీ కనబడేటట్టు నవ్వాడు.

"మళ్ల చూపియ్యి" అంది ముత్తమ్మ.

దీక్షిత మళ్లీ చూపించింది. ఇంకోసారి చూపించమంది. తర్వాత, "వీడెవడు?" అని అడిగింది.

దీక్షిత ఫోన్లో వెతికింది. వాడి పేరు శ్రీపాల్. జనగామలో ఎరువుల దుకాణం ఉంది. తండ్రి హన్మంత్, నర్మెట్ట దగ్గర పెద్ద ఆసామి. వాడు పెట్టిన ఇంకో వీడియోలో నర్మెట్ట చేను, బోరు నీళ్లు నిలిచే సిమెంటు హౌజు, ఆ హౌజులోకి వాడూ వాడి దోస్తులూ అంగీలు విప్పి దూకడం ఉన్నాయి.

ఆ సాయంత్రం ముత్తమ్మ సదానందానికి చెప్పింది.

"వంద మంది పోయి తాగిండ్రు ఆడ" అన్నాడు ఆయన. "గా పిలగాని సీసనే నా కాల్ల దిగిందని నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేదు."

"మరి?"

"తక్కినోళ్ల మొఖాలు నాకు కనబడలే. వీని మొఖం కనబడ్డది."

"ఇడిసిపెట్టు ముత్తీ. పోయిన కాలు పోయింది."

ఆమె లేచి పొయ్యి వెలిగించింది.

ఆ ఎండాకాలం ముత్తమ్మ కూలి లేని రోజుల్లో గోనెసంచి తీసుకుని ఎలుగుబండకు పోయేది. మడుగు ఎండి అడుగు బయటపడింది. ఎండిన బురదలో సీసపెంకులు తళతళ మెరిసేవి. ఆమె కొడవలి మొనతో గెలికి ఒక్కొక్కటే తీసేది. మొద్దుబారినవి పక్కకు పారేసేది. కోరల్లా మొనదేలినవి, ఆకుపచ్చవి, సంచిలో వేసేది. ఎండకు తల తిరిగేది. రాతి చరియ నీడలో కాసేపు కూర్చుని, ఆ హౌజును గుర్తు తెచ్చుకునేది. వాడు గట్టు మీద నిలబడతాడు. అంగీ విప్పుతాడు. దూకుతాడు. అక్కడి దాకా వచ్చేసరికి ఆమెకు చల్లగా ఉండేది. లేచి మళ్లీ ఏరేది.

వానలు పడ్డాక ఒక రోజు, చెల్లెలి ఊరికి కలుపుకు పోతున్నానని భర్తకు చెప్పి, ఆయనకు రెండు పూటల కూడు వండి పెట్టి, దీక్షిత వాళ్లమ్మను చూస్తూ ఉండమని చెప్పి, తొలి బస్సు ఎక్కింది. నర్సంపేటలో దిగి హన్మకొండ బస్సు, అక్కడ జనగామ బస్సు. జనగామలో ఎక్కేటప్పుడు కండక్టర్ సంచికి చెయ్యి వేసి పైకి లాగి ఆశ్చర్యపోయాడు.

"ఏమున్నయ్ అవ్వా గింత బరువు?"

"మా ఊల్లె ఒకలు మరిచిపోయి పోయిండ్రు బిడ్డా. ఇచ్చి రావాలె."

నర్మెట్ట దగ్గర దిగి హన్మంత్ పటేల్ చేను ఎక్కడని అడిగింది. చెప్పారు. మట్టిబాట, రెండు పక్కలా రాళ్ల గెట్లు, దూరంగా బోడిగుట్టలు. సంచి భుజాన వేసుకుని నడిచింది. పెంకులు గోనె దాటి వీపుకు గుచ్చుకునేవి. చేనుకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

అక్కడ ఎవరూ లేరు. బోరు నడుస్తోంది. పక్కన రేకుల షెడ్డు. హౌజు ఫోన్లో చూసినట్టే ఉంది. అడుగున దట్టంగా పాచి పట్టి ఉంది. ఆమె మెట్ల దగ్గర సంచి మూతి విప్పి కుమ్మరించింది. ఆకుపచ్చ పెంకులు ఆకుపచ్చ పాచిలోకి దిగి కనబడకుండా పోయాయి. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని షెడ్డు నీడలో కూర్చుంది. వాడు వచ్చేదాకా ఉండాలని, వాడు అరిచే అరుపు చెవులారా విని పోవాలని ఆమె అనుకుంది.

వాడు రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు చేను అవతలి ఎత్తు మీది నుంచి ఆడవాళ్లు దిగుతూ కనిపించారు. పది పన్నెండు మంది ఉంటారు. ఎత్తుకు అవతల పత్తి ఉందని, అందులో పొద్దున్నుంచి కలుపు తీస్తున్నారని ముత్తమ్మకు అప్పుడే తెలిసింది. సద్దిగిన్నెలు చేతపట్టుకుని, మోకాళ్ల దాకా నల్లమట్టితో, మాట్లాడుకుంటూ నేరుగా హౌజు వైపు వస్తున్నారు.

ముత్తమ్మ నోరు తెరవాల్సింది. తెరవలేదు. 'నీళ్ల దగ్గరికి పోకుండ్రి' అని ఒక్క మాట అంటే హౌజు తోడేస్తారు, పెంకులు తీసేస్తారు, వాడు ఎప్పటిలాగే దూకుతాడు. ఎండాకాలమంతా ఏరినది ఒక్క మాటతో వట్టిదైపోతుంది. వాళ్లు గట్టు మీదే కాళ్లు కడుక్కుంటారేమో. చెంబుతో ముంచుకుంటారేమో. ఆమె ఆలోచన ఇంకా అక్కడే ఉంది. ముందున్న ఆమె చీర మోకాళ్ల పైకి దోపుకుని, మెట్టు దిగి నీళ్లలో కాలు పెట్టింది.

"అమ్మా" అని కూర్చుండిపోయింది.

ఆ మనిషి పేరు సరోజన. తరిగొప్పుల నుంచి ఆ కూలి గుంపును తీసుకొచ్చేది ఆమే. నీళ్లలో ఎరుపు పరుచుకుంటుంటే ముత్తమ్మ పరుగెత్తింది. సరోజనను రెండు రెక్కలు పట్టి పైకి లాగింది. పాదంలో ఆకుపచ్చ పెంకు నిలబడి ఉంది. దాన్ని పీకి, తన కొంగు చింపి బిగించి కట్టింది.

"దిగకుండ్రి ఎవ్వరు" అంది తక్కినవాళ్లతో. "లోపలంత సీసపెంకులే. నేనే పోసిన."

ఆడవాళ్లకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకామె వచ్చి ముత్తమ్మ చెంప మీద కొట్టింది. ముత్తమ్మ తప్పుకోలేదు. ఇంకొకామె జుట్టు పట్టుకుంది. సరోజన, "ఆగుండ్రి" అంది. "ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రి నన్ను. తర్వాత కొట్టుండ్రి."

ఎవరో ఆటో పిలిచారు. ముత్తమ్మ అడగకుండానే ఎక్కింది. దవాఖానలో కుట్లు వేస్తుంటే సరోజన చెయ్యి పట్టుకుని కూర్చుంది. సరోజనే అడిగింది, "మా కాళ్లు నిన్నేం చేసినయక్కా?"

అప్పుడు ముత్తమ్మ మొత్తం చెప్పింది. ఎలుగుబండ, పెయ్య, దవాఖాన, ఫోన్లో నవ్వు. చెబుతూ ఏడవలేదు. "మిమ్ములను జూసిన. నోరు తెరవాల్సి ఉండె. తెరవలే" అని కూడా చెప్పింది. సరోజనకు కోపం తగ్గలేదు. కానీ విన్నది.

తిరిగి చేనుకు వచ్చేసరికి శ్రీపాల్ వచ్చి ఉన్నాడు. ముత్తమ్మ వాణ్ని మొదటిసారి ఎదురుగా చూసింది. ఫోన్లో కనబడినంత పొడుగు కాదు. ముప్పై లోపు ఉంటాడు. హౌజు పక్కన నిలబడి ఫోన్లో పోలీసులకు చెబుతానని అరుస్తున్నాడు.

"గీమెనేనా? ఎవతివే నువ్వు? మా హౌజుల సీసలు పోస్తవా?"

"నీయే బిడ్డా" అంది ముత్తమ్మ. "ఎలుగుబండ కాడ మరిచిపోయినవ్. తెచ్చిచ్చిన."

వాడికి వెంటనే తట్టలేదు. తట్టిన క్షణం మొహంలో కనబడింది. అయినా గొంతు తగ్గించలేదు. "కేసు పెడ్త. జైల్ల ఏస్త నిన్ను" అన్నాడు.

గట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న సరోజన అందుకుంది. "ఏం కేసు పెడ్తవ్ పటేలా? కోసుకున్నది నా కాలు. పెడ్తే నేను పెట్టాలె. పెట్టిన్నాడు ఈమె మొగని కాలు సంగతి గూడ చెప్త. నీ ఫోన్ల నువ్వే పెట్టినవంట గద, సాక్ష్యం వెతికే పనిలేదు."

శ్రీపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సరోజన ముత్తమ్మ వైపు తిరిగింది. "నిన్ను గూడ ఇడువను. నా పుండు మానేదాక నా సాలు నువ్వు పట్టాలె. నా ఇంట్ల ఉండు, నా కూడు తిను. కూలి నాది."

ముత్తమ్మ ఒప్పుకుంది. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా నిలబడి చూస్తుండగా హౌజు తోడించి, ఒక్కతే లోపలికి దిగి పాచిలో చేతులు పెట్టి పెంకులన్నీ ఏరింది. తర్వాత దీక్షితకు ఫోన్ చేయించి, రావడానికి ఆలస్యమవుతుందని చెప్పించింది.

ఆ విధంగా ముత్తమ్మ శ్రీపాల్ పత్తిచేనులోనే కలుపు తీసింది. తన చేతుల్తో వాడి పంటను బాగు చేయడం ఆమెకు విషం మింగినట్టుండేది. గడ్డిపరకను పీకిన ప్రతిసారీ వాణ్నే వేళ్లతో సహా పీకుతున్నట్టు పీకేది. పత్తి వరసల్లో ఆమె పట్టిన సాలు అందరికన్నా శుభ్రంగా ఉండేదని సరోజన ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

శ్రీపాల్ రోజూ వచ్చి గెట్టు మీద నిలబడేవాడు. ముత్తమ్మ వంగిన నడుము ఎత్తి చూసేది. మొహంలోకి కాదు, కాళ్ల వంక చూసేది. వాడు పలకరించినా, తిట్టినా, చూపు మాత్రం కాళ్ల మీదే. మూడోనాటి నుంచి వాడు చెప్పులు మాని బూట్లు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. హౌజును మనుషులతో కడిగించి నీళ్లు నింపించాడు. అయినా దిగలేదు. మళ్లీ తోడించి అడుగంతా వెతికించాడు. ఒక మధ్యాహ్నం వాడి దోస్తులు వచ్చి హౌజులో దూకి కేకలు వేస్తుంటే, వాడు గట్టున బూట్లతో నిలబడి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు. చేను మధ్య నుంచి ముత్తమ్మ అది చూసింది. సదానందం కాలు పోయిన నాటి తర్వాత ఆమెకు కడుపునిండా తిన్నట్టు అనిపించింది అప్పుడే.

పుండు మానాక ఇంటికి వచ్చింది. సదానందానికి అన్నీ చెప్పింది. ఆయన ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకటి మనసులో పెట్టుకున్నాడు. అదీ సరోజన కాలు గురించి. "నాకు జరిగిందే ఇంకొకలకు చేస్తివి" అన్నాడు ఒక్కసారి.

మరుసటి ఎండాకాలం, రోహిణి కార్తెలో, వాళ్ల వాకిట్లో ఒక బండి ఆగింది. శ్రీపాల్ ఒక్కడే దిగాడు. చేతిలో పండ్ల సంచి. ముత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. లేవలేదు.

"మా బాపు పొమ్మన్నడు" అన్నాడు. సంచి కింద పెట్టి, "బాపు చెప్పకున్నా వస్తుంటి. హౌజుల కాలు పెడదామంటే పానం దడదడ అంటున్నది. గిన్ని నెలలైంది" అన్నాడు.

సదానందం కుర్చీ చూపించాడు. వాడు కూర్చోకుండా వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. చెయ్యి గాలిలో ఆగింది.

"ఒక్కటే ఉన్నది" అంది ముత్తమ్మ చాట దించకుండా. "అదన్న సక్కగ పట్టుకో."

"ముత్తీ" అని సదానందం కసిరాడు.

వాడు ఆ ఒక్క పాదం ముట్టుకున్నాడు. వాళ్లిద్దరూ పంటల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. సదానందం వాడితో సొంత మేనల్లుడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. అది చూస్తుంటే ముత్తమ్మకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి లోపలి నుంచి గోనెసంచి తెచ్చి వాడి ముందు పడేసింది.

"ఎలుగుబండ చూస్తవా? ఎండకాలం చూసినవో లేదో."

వాడు సదానందం వైపు చూశాడు. ఆయన పొమ్మన్నట్టు తల ఊపాడు. వాడు సంచి తీసుకుని ఆమె వెనక నడిచాడు.

అడవిలో నీడ లేదు. టేకు చెట్లు ఒక్క ఆకు లేకుండా ఉన్నాయి. కాళ్ల కింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. ఎక్కడా పక్షి కూత లేదు. ఎలుగుబండ చేరాక శ్రీపాల్ ఆ చోటును గుర్తుపట్టలేకపోయాడు. నీళ్లు దూకిన చోట నల్లటి రాయి మీద తెల్లటి చారలు. మడుగు ఉన్నచోట పగిలిన మట్టి. ఆ మట్టి నిండా, రాళ్ల సందుల్లో, చరియ మెట్ల మీద, ఎక్కడ చూసినా సీసపెంకులు ఎండకు మండుతున్నాయి. పోయిన వానాకాలం వచ్చినవాళ్లు మళ్లీ కొట్టి పోయినవి.

"బూట్లు ఇడువు" అంది ముత్తమ్మ.

"గిన్ని పెంకులున్నయ్ కద అమ్మా."

"మా ఆయన ఇడిసే దిగిండు."

వాడు బూట్లు విడిచాడు. రాయి కాలింది. ఒక్కో అడుగు వేసేముందు నేలను తడుముకుంటూ, వంగి, పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. ముత్తమ్మ చరియ నీడలో కూర్చుంది. తెచ్చుకున్న సీసాలోంచి నీళ్లు తాగింది. వాడు కొంతసేపటికి ఇటు చూశాడు.

"దూపైతున్నదమ్మా. ఒక గుక్క నీళ్లియ్యి."

"మడుగుల తాగు."

వాడు ఎండిన మడుగు వంక చూసి, మళ్లీ వంగాడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఒకసారి అరచెయ్యి తెగింది. రక్తం మట్టిలో బొట్లుగా పడింది. ముత్తమ్మ పోయిన ఎండాకాలమంతా ఊహించుకున్నది అదే. ఇప్పుడు చూసింది. మనసుకు హాయిగానే ఉంది. కానీ వెంటనే హౌజు నీళ్లలో పరుచుకున్న ఎరుపు గుర్తొచ్చింది, ఆ హాయి కాస్త పలచబడింది. అయినా ఆమె లేవలేదు, కొంగు చింపలేదు. వాడే రుమాలు చుట్టుకున్నాడు.

పొద్దు వాలేదాకా ఏరాడు. సంచి సగం నిండింది. పెదవులు ఎండిపోయి, నడవలేక నడుస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడన్న మన్నించినవా అమ్మా?"

"లే" అంది ముత్తమ్మ. "ఇంక చానున్నయ్. మళ్ల రా."

వాడు బూట్లు తొడుక్కుని, ఊళ్లోకి వచ్చి, సదానందానికి చెప్పి బండి ఎక్కాడు. వాకిట్లోకి వచ్చిన మనిషిని దూపతో పంపినందుకు సదానందం ఆమెను తిట్టాడు. "నీ కాలు మొలిచిన్నాడు పిలిచి నీళ్లిస్త తీ" అని ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

వాడు మళ్లీ రాడని ఆమె అనుకుంది. రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. రాని మనిషిని తిట్టుకోవడం సులువు. కానీ తొలి వాన పడకముందే వచ్చాడు. ఈసారి సంచి తనే తెచ్చుకున్నాడు, తాగే నీళ్లు తనే తెచ్చుకున్నాడు. వాడు ఏరుతుంటే ఆమె అదే చోట కూర్చుని చూసింది.

సాయంత్రం ఇంటికొచ్చి దీక్షిత ఫోన్ నుంచి సరోజనకు ఫోన్ చేసింది.

"వచ్చిండు మళ్ల" అంది.

"ఇప్పుడన్న సల్లబడ్డదా నీ కడుపు?"

"లే" అంది.

"మరి ఎట్లనక్కా నీతోని?"

"ఏమో. నీ కాలెట్లున్నది?"

"సలికాలం జర గుంజుతది. నడుస్తున్న."

"పత్తి కలుపు ఎప్పుడు మొదలు పెడ్తరు?"

"వానలు వడనియ్యి. వస్తవా ఏంది? గా పటేల్ చేన్లకేనా?"

"ఎవని చేన్లకైతేంది" అంది ముత్తమ్మ. "నీ పక్క సాలు నాకు ఉంచు."